ఆడపిల్లల బెంచీ శ్రద్ధాంకం

సుశీలకు భర్త మీద ఉన్న ఫిర్యాదల్లా ఆయనకు ఒక్క దురలవాటూ లేకపోవడమే. పేకముక్క పట్టడు. హోటలు కాఫీ తాగడు. సాయంత్రం ఐదయితే ఇంటికి రావడం తప్ప మరో దారి తెలియదు. అంత తీరిక ఉన్న మనిషి పెరట్లో నాలుగు వంగమొక్కలు పెట్టుకున్నా బాగుండేది. మనుషుల్ని కొలవడం పెట్టుకున్నాడు.

ఏడాది కిందట రాష్ట్రం పెద్దదయింది. రాజధాని కర్నూలు నుంచి లేచి హైదరాబాదు పోయింది. ఆమె భర్త గురురాజారావు మాత్రం ప్రొద్దుటూరులో అదే హైస్కూల్లో, అదే అసిస్టెంటు కుర్చీలో పదకొండేళ్ళుగా కదలకుండా ఉన్నాడు. ఆ వేసవిలో మాస్టర్లకు విద్యా మనస్తత్వశాస్త్రం మీద మూడువారాల సెమినారు పెడితే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకమూ, ఒక కొత్త నడకా తెచ్చుకున్నాడు. పిల్లలు చదవకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదనీ, శ్రద్ధ లేకపోవడమనీ, శ్రద్ధను జ్వరాన్ని కొలిచినట్టు కొలవవచ్చుననీ ఆ పుస్తకంలో ఉందట. ఉందో లేదో చెప్పడానికి ఆయన చదివింది ముప్ఫైరెండు పేజీలే. అక్కడినుంచి పేజీలు అంచులు కత్తిరించక జంటలుగా అతుక్కునే ఉన్నాయి. మిగతావి సుశీల కూరగాయల కత్తితో కోసుకుని మధ్యాహ్నాలు చదివింది. అనంతపురంలో బి.ఎ. చదివిన మనిషి. ఆ చదువంతా పప్పులో పోపు పెట్టడానికే పనికొస్తున్నదని ఆమె ఎవరి దగ్గరా అనలేదు. పోపు బాగానే కుదురుతుంది మరి.

ఆయన కనిపెట్టిన కొలతకు "శ్రద్ధాంకం" అని ఆయనే పేరు పెట్టాడు. డ్రిల్లు మాస్టరు దగ్గర నొక్కితే ఆగే గడియారం అరువు తెచ్చుకుని, ఎస్సెల్సీ క్లాసులో వెనకాల కుర్చీ వేసుకుని కూచుంటాడు. ముందర హెడ్మాస్టరు విశ్వేశ్వరయ్య లెక్కలు చెబుతుంటాడు. అయ్యవారు వచ్చేటప్పటికి పిల్లవాడు తన చోట ఉన్నాడా, ఐదు నిమిషాలకోసారి చూస్తే వాడి మెడ బోర్డు వైపు ఉందా, తనంతట తాను చెయ్యెత్తాడా, అయ్యవారు వెళ్ళిపోయాక పక్కవాడితో పాఠం గురించి మాట్లాడాడా, ఈ నాలుగింటికీ కలిపి ఇరవై మార్కులు. మనసులో పక్షపాతం రాకూడదని పేర్లు రాయడు. వరస నంబరు, సీటు నంబరు.

"వెనక కూచుంటే వాళ్ళ కళ్ళు ఎట్లా కనిపిస్తాయండీ?" అని సుశీల అడిగింది.

"కళ్ళెందుకే? మెడ చాలు. శ్రద్ధ ఉన్న మెడ నిలబడుతుంది."

"మీరు పూజలో కూచున్నప్పుడు మీ మెడ ఎప్పుడూ వాలే ఉంటుంది."

"అది భక్తి," అన్నాడు గురురాజారావు, పేజీ తిప్పుతూ.

ఇది ఇంట్లో ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. కొందరు జాతకాలు చూస్తారు, కొందరు మెడలు చూస్తారు. కానీ విశ్వేశ్వరయ్యకు ఈ కాగితం బాగా నచ్చింది. ఎస్సెల్సీ పబ్లిక్ పరీక్షకు ఎవర్ని పంపాలో బడిలో ముందుగా సెలక్షన్ పరీక్ష పెడతారు. తప్పేవాళ్ళను పంపితే బడి పాసు శాతం పడిపోతుంది. శాతం పడిపోతే ఎవరో పెద్దాయన జమ్మలమడుగు బడి మెరుగని ఎక్కడో అంటాడు. విశ్వేశ్వరయ్య బతుకులో భయపడింది ఆ ఒక్క మాటకే. అందుకని లెక్కల్లో అటూ ఇటూగా మార్కులొచ్చిన వాళ్ళను ఈసారి శ్రద్ధాంకం చూసి తేలుస్తానన్నాడు. పిల్లవాణ్ణి తీసేసి తండ్రికి సమాధానం చెప్పుకోవడం కష్టం. ఒక అంకె తీసేసిందంటే ఎవరూ ఎదురు మాట్లాడరు.

మంగళవారం మధ్యాహ్నం దిల్షాద్‌బీ వచ్చింది. పాత చీరలిస్తే బొంతలు కుట్టి తెచ్చే మనిషి. భర్త ఫకీర్ సాహెబ్ దూది ఏకుతాడు. ఆ ఏకే విల్లు మోతకు ఆయనకు చెవులు సగం పోయాయి. వాళ్ళింట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరికి వినిపిస్తుంది. కూతురు మైమూన్ ఎస్సెల్సీ. ఆ పిల్ల తల్లి వెనకాల గడప దగ్గర నిలబడింది.

దిల్షాద్‌బీ బొంత కింద పెట్టలేదు.

"సుశీలమ్మా, మా పిల్లకు ఆ అంకమేందో తక్కువుందంట. సారు రాసినాడంట. దానికి మందేమన్నా ఉండాదా?"

"అంకమా?"

"చదువు మీద మనసు లేదంటనమ్మా. హెడ్మాస్టరు పిలిచి చెప్పినాడు. ఇరవైకి రెండంట. వాళ్ళ నాయనకు గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చె. మనసు లేని చదువు మనకెందుకు, శుక్రవారం జాబితాలో పేరు రాకుంటే పులివెందులలో మేనత్త ఇంటికి పంపిచ్చేస్తా, బొంతలన్నా కుట్టుకుంటాది అంటాండాడు. లెక్కల్లో ముప్ఫై ఒకటి వచ్చింది. ముప్ఫై ఐదు రావల్లంట. ఎస్సెల్సీ అయితే జమ్మలమడుగు ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు తీసుకుంటారని పిల్ల రెండేండ్లుగా చెప్తాండాది. మనసు లేనిది రెండేండ్లు ఒకే మాట చెప్తాదా?"

సుశీల పిల్ల వైపు చూసింది. "మైమూన్, లెక్కల క్లాసులో నిన్న ఏం చెప్పినారు?"

పిల్ల తల వంచుకునే మొదలుపెట్టింది. గొంతు మాత్రం వంగలేదు. "'ఇప్పుడు చూడండి. ఇది ఉంది కదా, దీన్ని తీసుకొచ్చి ఈడ పెడతాం. అప్పుడు అది ఏమవుతుంది? ఇట్లా అవుతుంది.' ఈడ సారు ముక్కుపొడి పీల్చినాడు. 'ఇప్పుడు పైనదాన్ని కిందదానితో కొట్టేస్తే మిగిలింది ఎంత? ఇదీ. ఇదే జవాబు. దస్తగిరీ, తెలిసిందా?' తెలిసింది సార్ అన్నాడు. అప్పుడు సారు తుడిచేసినాడు."

అట్లా నలభై ఐదు నిమిషాల పాఠాన్ని దగ్గులతో సహా ఒప్పజెప్పింది. విశ్వేశ్వరయ్య కూడా తన పాఠాన్ని అంత శ్రద్ధగా విని ఉండడు.

"అంతా బాగుంది. ఏది తెచ్చి ఎక్కడ పెట్టినారు?"

"అది బోర్డు మీద ఉంటాదమ్మా."

"బోర్డు మీద ఏముంది?"

"మాకు బోర్డు కనపడదు గదా," అంది మైమూన్, తెలిసిన సంగతే అడిగినందుకు కొంచెం ఆశ్చర్యపోయి.

సుశీల చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. ఆమెకు ఆ బెంచీ తెలుసు. ఈ బడిలో చూడలేదు గానీ, ఆ బెంచీ ఎక్కడయినా ఒకటే. ఆడపిల్లలు క్లాసులో ముందుగా పోయి కూచోరు. విడిగా ఒక గదిలో కాచుకుని ఉండి, అయ్యవారు వస్తుంటే ఆయన వెనకాల తల వంచుకుని వరసగా నడిచి, గోడవార వేసిన బెంచీ మీద కూచుంటారు. గంట కొట్టగానే మళ్ళీ ఆయన వెనకాలే బయటికి. తానూ అనంతపురంలో నాలుగేళ్ళు లెక్చరర్ల వెనక బాతుపిల్లలాగా తిరిగింది. మగపిల్లలకు ఎదురుగా ఉండకుండా అడ్డంగా వేస్తారు ఆ బెంచీని. బోర్డు దాని వీపు పక్కకు పోతుంది. చూడాలంటే నడుము దాకా తిరగాలి. తిరిగితే "ఏమమ్మా, అటేముంది?" అంటారు.

"సారుతో చెప్పలేదా?"

"ఎవురూ అడగలేదు. నాకేమన్నా ఇది కొత్తనా?"

ఆ సాయంత్రం సుశీల భర్తతో చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఓపిక కూడా సెమినారులో నేర్పినట్టుంది.

"చూడూ, నిజంగా శ్రద్ధ ఉంటే ఏ బెంచీ ఆపలేదు. ఇవన్నీ సాకులు. పుస్తకంలో సాకుల మీద ఒక అధ్యాయమే ఉంది."

"ఎన్నో అధ్యాయం?"

"ఉంది ఎక్కడో."

ఆ పుస్తకంలో అటువంటి అధ్యాయం లేదని సుశీలకు తెలుసు. అనలేదు. మజ్జిగ గ్లాసు అందించి, "నూట పన్నెండో పేజీలో ఇంకో సంగతి ఉందండీ," అంది. "కొలిచేవాడు ఒక్కడే అయితే ఆ కొలత నిలవదట. రెండో మనిషి కూడా అక్కడే కూచుని చూడాలట. కడపలో జరగబోయే మాస్టర్ల సభలో మీరీ శ్రద్ధాంకం మీద పత్రం చదివినప్పుడు ఎవరయినా లేచి, రెండో పరిశీలకుడు ఎవరు స్వామీ అని అడిగితే?"

గురురాజారావు గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. సభలో ఎవరో లేవడం ఆయనకు కనిపించింది. ఎవరు లేస్తారో కూడా కనిపించింది. ఎర్రగుంట్ల సైన్సు మాస్టరు. ఆయనకు లేవడమే పని.

"మన బడిలో ఎవరికీ అంత పరిజ్ఞానం లేదే."

"లేదు పాపం. ఒక బి.ఎ. అయినా ఉండాలి."

ఆయన ఆమె వైపు చూశాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ డిగ్రీ ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. 'రెండవ పరిశీలకురాలు: శ్రీమతి సుశీల, బి.ఎ.' అని అచ్చులో ఎట్లా ఉంటుందో పెదవులతో చదువుకున్నాడు. "నువ్వే ఎందుకు రాకూడదు?" అన్నాడు, ఆ ఆలోచన తనదయినట్టు.

"నేనా? పొయ్యి దగ్గర మనిషిని. మీరంతగా అంటే వస్తాను."

శుక్రవారం ఉదయం ఆమె బడికి వెళ్ళేటప్పటికి సెలక్షన్ జాబితా కోసం అప్పుడే కొందరు తల్లిదండ్రులు వరండాలో చేరుతున్నారు. స్తంభం దగ్గర ఫకీర్ సాహెబ్ తలపాగాలో దూది పోగులతో నిలబడి ఉన్నాడు, పక్కన దిల్షాద్‌బీ. పులివెందుల బస్సు పదకొండున్నరకని చెప్పింది దిల్షాద్‌బీ. ఆమె చేతిలో మూట ఉంది. అందులో పిల్ల బట్టలు.

గురురాజారావు క్లాసులో వెనకాల తన కుర్చీ పక్కన భార్యకు ఇంకో కుర్చీ వేయించాడు. విశ్వేశ్వరయ్య అది చూసి ముఖం చిట్లించాడు.

"మగపిల్లల వెనకాల ఆడమనిషి కూచుంటే ఏం బాగుంటుందయ్యా? ఆడపిల్లల బెంచీ ఉంది గదా. అమ్మా, మీరు కూడా ఆ గదిలో ఉండి, నా వెనకాల రండి. ఏమనుకోవద్దండి. బడికొక మర్యాద ఉంది."

"అయ్యో, దాన్దేముంది," అంది సుశీల. ఆమె కోరుకున్నదీ అదే. భర్త వైపు తిరిగి, "మీ లెక్క మీరు ఎప్పటిలాగే వేసుకోండి. బెంచీ మీద ఎంతమంది ఉంటే అంతమందికీ. సీటు వదిలితే మొత్తం తప్పుతుంది," అంది.

"నాకు చెప్తాండావా?" అన్నాడాయన.

ఆడపిల్లలు కాచుకునే గదిలో పగిలిన ఫుట్‌బాళ్ళూ, చుట్ట చుట్టిన ఆసియా ఖండమూ ఉన్నాయి. మైమూన్, ఇంకో ఇద్దరు అమ్మాయిలు గోడకానుకుని నిలబడ్డారు. గంట కొట్టారు. విశ్వేశ్వరయ్య ముందర, నలుగురూ వెనకాల. ముప్ఫైనాలుగు మంది మగపిల్లలు అప్పటికే తమ చోట్ల ఉన్నారు, తలా నాలుగు మార్కులు సంపాదించుకుని.

"ఈ చివర కూచోండమ్మా, ఆడ మేకు ఉండాది," అని మైమూన్ గుసగుసలాడింది.

సుశీల నాలుగో సీటులో కూచుంది. బోర్డు లేదు. బోర్డు అంచు చెక్క ఉంది, హెడ్మాస్టరు మోచెయ్యి ఉంది, రాలే సుద్ద పొడి ఉంది. లెక్క ఎక్కడో జరుగుతున్నది. "ఇది పోయి ఈడ కూచుంటుంది," అంటున్నాడు విశ్వేశ్వరయ్య. కూచుందనే నమ్మాలి. ఒకసారి ఉండబట్టలేక ఆమె నడుము తిప్పి తొంగిచూసింది. ఆయన సుద్దముక్క ఆపి, "ఏమన్నా కావల్లనామ్మా?" అన్నాడు. క్లాసంతా ఆమె వైపు చూసింది. మళ్ళీ తిరగలేదు. చెయ్యెత్తలేదు. ఏమడగాలో తెలియాలంటే లెక్క కనపడాలి.

కానీ ఆ బెంచీ మీదినుంచి ఒకటి మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఓరగా చూస్తే మగపిల్లల ముఖాలు. వెనక కుర్చీలోంచి గురురాజారావుకు ఎప్పటికీ కనపడనివి. నిటారు మెడల ముందువైపు ఏముందో ఆమె తీరిగ్గా చూసింది. ఇద్దరు నిలువు మెడలతో కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నారు. మొదటి వరసలో దస్తగిరి అనే కుర్రవాడు ఉన్నాడు, ఎస్సెల్సీ మూడోసారి, శ్రద్ధాంకం ఇరవైకి పందొమ్మిది, బడి మొత్తానికి ప్రథముడు. అతని చూపు బోర్డుకు జానెడు పైన ఆగి ఉంది. అక్కడ దూలం సందులో పిచ్చుక గూడు ఉంది. పిచ్చుక పురుగుతో వచ్చినప్పుడల్లా అతని ముఖం వెలిగిపోతున్నది. చదువు మీద అంత ప్రేమ ఆ క్లాసులో మరెవరికీ లేదు.

గంట కొట్టారు. హెడ్మాస్టరు వెనకాలే నలుగురూ బయటికి నడిచారు. పాఠం గురించి తోటివారితో చర్చించడానికి మిగిలింది గోడే.

పావుగంటకు ముగ్గురూ హెడ్మాస్టరు గదిలో ఉన్నారు. బల్ల మీద జాబితా సిద్ధంగా ఉంది, కలం మూత తీసి ఉంది. గురురాజారావు కూడికలు పూర్తిచేసి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. కాగితం ముందర ఆయనకు భార్య కనపడదు, ఎవరూ కనపడరు.

"మొదటి వరస, మూడో సీటు, పందొమ్మిది. నిలకడగా ఉంది. ఇక గోడవార బెంచీ. ఒకటో సీటు మూడు. రెండో సీటు మూడు. మూడో సీటు రెండు. మొన్న కూడా రెండే. కొలత ఎంత స్థిరంగా ఉందో చూడండి. నాలుగో సీటు ఒకటి."

"ఒకటా?" అన్నాడు విశ్వేశ్వరయ్య.

"ఒక్కసారి మెడ తిరిగింది, అంతే. రాసినాను చూడండి. 'నాలుగో సీటు: శ్రద్ధ శూన్యం. చదువు మాన్పించుట ఉభయులకూ మంచిది.'"

"అంత మొద్దు పిల్ల ఎవరయ్యా మన బడిలో? పేరు చెప్పు, కొట్టేస్తా."

"నేనేనండి," అంది సుశీల.

విశ్వేశ్వరయ్య ముక్కుపొడి డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. గురురాజారావు కాగితం చూశాడు. నాలుగో సీటు కింద అంకె మారుతుందేమోనని ఇంకోసారి కూడాడు. మారలేదు.

"అచ్చులో 'శ్రీమతి సుశీల, బి.ఎ., ఒకటి' అని వేసుకోండి," అంది సుశీల. "నాకేం అభ్యంతరం లేదు. ఎర్రగుంట్ల సైన్సు మాస్టరు లేచి, ఆవిడ చదువు మాన్పించినారా అని అడిగితే మాత్రం మీరే చెప్పుకోవాలి. ఇక మీ ప్రథముడి సంగతి. ఆ పందొమ్మిదీ పిచ్చుకకు చెందాలి. బోర్డు పైన గూడు ఉంది, వెళ్ళి చూడండి."

గురురాజారావు నిజంగానే లేచి వెళ్ళాడు. వెనక కుర్చీ దగ్గరికి కాదు. ఇంటర్వెల్‌కు ఖాళీ అయిన క్లాసులో గోడవార బెంచీ చివర కూచున్నాడు. సుశీల కిటికీలోంచి చూస్తున్నది. మెడ తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. నడుము తిప్పాడు. అటుపక్క జరిగాడు, చటుక్కున లేచాడు. మేకు. పంచె వెనకవైపు తడుముకుంటూ పైకి చూశాడు. పిచ్చుక వచ్చింది.

తిరిగి వచ్చినప్పుడు కొత్త నడక లేదు. "ఆడ ఏమీ కనపడదు," అన్నాడు మెల్లగా.

"ఈ బడిలో పదకొండేళ్ళు," అంది సుశీల.

విశ్వేశ్వరయ్య లోకజ్ఞానం ఉన్నవాడు. "సరే పోనీ. పిల్ల పేరు చేర్చేస్తా. ఇంకా మూడు నెలలుంది, బెంచీ కొంచెం ఇటు తిప్పిస్తే సరి. ఈ కాగితం సంగతి మన ముగ్గురి మధ్యనే ఉండనియ్యండి. వాళ్ళకేం చెప్పబన్లేదు. పాస్ చేసినాం పోమ్మంటే దండం పెట్టి పోతారు."

"మనసు లేదన్న మాట వాళ్ళింటి దాకా పోయిందండీ," అంది సుశీల. "పేరు చేరిస్తే సార్లు దయ తలచినారని అనుకుంటారు. మనసు లేని పిల్లేనని వాళ్ళ నాయన ఎప్పటికీ అంటూనే ఉంటాడు. రేపు లెక్కల్లో ఒక మార్కు తగ్గితే ఆ మూట మళ్ళీ బయటికొస్తుంది. రాసినాయన చెప్పాలి."

గురురాజారావు భార్య వైపు చూశాడు. ఆమె చెంగు సర్దుకుంటున్నది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వరండాలోకి నడిచాడు. ఈసారి సుశీల ఆయన వెనకాల కాదు, పక్కన నడిచింది.

వరండాలో ఇరవైమంది దాకా ఉన్నారు. స్తంభం దగ్గర మైమూన్ తల్లి పక్కకు చేరి ఉంది. మూట ఇప్పుడు ఆ పిల్ల చేతిలో ఉంది. గురురాజారావు ఫకీర్ సాహెబ్ ముందర నిలబడి గొంతు సవరించుకున్నాడు. తన పాదాలకు చెబుతున్నట్టు, "జాబితాలో పేరుంది. నేను రాసిన అంకె... అది సరయింది కాదు," అన్నాడు.

ఫకీర్ సాహెబ్ నవ్వి తల ఊపాడు. ఏమీ వినపడనప్పుడు ఆయన అట్లాగే చేస్తాడు.

"ఆయనకు వినపళ్ళేదు సారూ," అంది దిల్షాద్‌బీ. "దూది విల్లు మోతకు చెవులు పోయినాయి గదా. మనసు లేదన్నప్పుడు నేను అరిచి చెప్పినా. ఇది మీరే చెప్పండి. రొంత గట్టిగా."

గురురాజారావు సుశీల వైపు తిరిగాడు. ఆమె పిచ్చుక గూటి కోసం వెతుకుతున్నట్టు దూలాల వైపు చూస్తున్నది. వరండాలో అందరూ మాటలాపి ఇటే చూస్తున్నారు. క్లాసు కిటికీలో దస్తగిరి కూడా, మొదటిసారిగా, పూర్తి శ్రద్ధతో.

ఆయన చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"ఫకీర్ సాహెబ్! నీ కూతురికి చదువు మీద మనసుంది! నేను రాసింది తప్పు! తప్పు నాది!"